మోకు చేతులు మారిన రోజు

లెక్కల పనిలో కొత్తగా చేరిన కుర్రవాళ్లు ఇద్దరు మొన్న మా అరుగు మీద కూర్చుని, ఇన్నేళ్ల ఉద్యోగంలో నీ లెక్క ఎప్పుడైనా తప్పిందా అని అడిగారు. తప్పలేదని చెప్పాను. గొప్పకు చెప్పిన మాట కాదు, నిజమే. అయితే లెక్క ఒప్పుగా ఉండి కూడా మనిషి నిలువునా మునిగే రోజులు ఉంటాయి. అది వాళ్లకు చెప్పబోయేలోగా కాఫీ వచ్చింది, మాట దారి మళ్లింది. అందుకని ఇక్కడ రాస్తున్నాను. మా వీధిలో తెలుగు మాట్లాడే ఇళ్లు చాలానే ఉన్నా తెలుగు చదవగలిగినవాళ్లు తక్కువ. ఎవరో ఒకరు పైకి చదివితే మిగతావాళ్లు వింటారు.

నేను పనిచేసింది పుదుచ్చేరి సముద్రపు ఒడ్డున, ఒక ఓడల ఏజెంటు ఆఫీసులో. నేను బడికి పోయినవాణ్ణి కాను. మా నాయన వేరుశనగ మూటలు మోసేవాడు. మూటల మీద తారుతో వేసిన గుర్తులు చూసి అంకెలు పట్టుకున్నాను. ఫ్రెంచి భాష అంటే మొదట్లో భయంగానే ఉండేది. కానీ వాళ్లు ఎనభైని నాలుగు ఇరవైలు అంటారని తెలిసిన రోజున ఆ భయం పోయింది. మా నాయనమ్మ తమలపాకులు లెక్కపెట్టేది కూడా ఇరవైల్లోనే. ఇంతేగదా అనుకున్నాను. తెలుగు అక్షరాలు మాత్రం పెళ్లయ్యాక, మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చిన పంచాంగం ముందు పెట్టుకుని కూడబలుక్కున్నాను.

మా ఊళ్లో ఓడ ఒడ్డుకు రాదు. దూరంగా సముద్రంలో నిలబడుతుంది. ఒడ్డు నుంచి నీళ్లలోకి పోయే ఇనుప వంతెన ఒకటి ఉంది, దాన్ని అందరం పాలం అంటాం. పాలం దగ్గర నుంచి పడవల్లో మూటలు ఓడకు పోవాలి. ఏ ఓడకు ఎన్ని పడవలు కావాలి, అలల తీరు చూస్తే ఎంత సేపు పడుతుంది, ఓడ ఎప్పుడు కదులుతుంది, ఇదంతా నా పని. నేను నాలుగు గంటలకు ఓడ కదులుతుందంటే కెప్టెను దొర ఆ మాట పలక మీద రాయించి ఓడలో వేలాడదీసేవాడు.

మూటలు ఎక్కేలోగా ఓడలోని ప్రయాణికులు ఒడ్డుకు దిగి ఊరు చూస్తామనేవాళ్లు. సైగోను నుంచి ఫ్రాన్సుకు పోయేవాళ్లు, అటు నుంచి ఇటు వచ్చేవాళ్లు. పాలం దగ్గరే సెంజి కోట నుంచి తెచ్చి నిలబెట్టిన చెక్కడపు రాతి స్తంభాలు ఉన్నాయి. అరియాంకుప్పం ఏటి ఒడ్డున పాత ఇటుక గోడలున్న దిబ్బ ఉంది. విల్లియనూరులో గుడి ఉంది. ఏ చోటికి పోతే ఎంత సేపు, తిరిగి పాలం దగ్గరకు ఎప్పుడు రావాలి, ఆ లెక్కా నాదే. బళ్లు తోసేవాళ్లను అడిగి, వాళ్లు చెప్పింది నమ్మక ఇంకొకరిని అడిగి, ఒక పట్టీ తయారుచేశాను. తమాషా ఏమంటే, అప్పటికి ఆ చోట్లలో ఒక్కదానికైనా చూద్దామని నేను పోయింది లేదు. స్తంభాలు మాత్రం చూశాను. అవి ఆఫీసుకు పోయే దారిలో ఉన్నాయి కాబట్టి.

ప్రయాణికులను తిప్పి చూపించే పని మా ఆఫీసు దుబాసీది. ఆయన ఇల్లు నెల్లితోపులో. వరసకు ఏమీ కాకపోయినా నేను మామా అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడూ అనేవాడు. తెల్లటి తలపాగా, చెవులకు పోగులు, ఎండ ఎంత కాసినా నలగని కోటు. ఫ్రెంచి, అరవం, తెలుగు, కాస్త పోర్చుగీసు కూడా ఆయన నోట్లో నీళ్లలా పారేవి. అంకెలు మాత్రం ఆయన నోట్లో నిలబడేవి కావు. ఒక ఓడవాళ్లకు ఆ స్తంభాలు వెయ్యేళ్లవని చెప్పేవాడు, తరువాతి ఓడవాళ్లకు రెండువేలు. సిపాయిలు వస్తే అవి యుద్ధం గెలిచిన రాజు నిలబెట్టినవి, ఆడవాళ్లు వస్తే రాణి మొక్కుకుని చెక్కించినవి.

ఒకసారి నిలదీశాను. ఆయన నొచ్చుకోలేదు.

"అంత దూరం నుంచి వచ్చినారు అల్లుడూ. ఉన్నదానికంటే రవ్వంత ఎక్కువ చూపించి పంపాల గదా."

ఆ రవ్వంతతోనే చిక్కు వచ్చింది. నేను చెప్పబోయే రోజుకు కొన్ని నెలల ముందు ఆయన ఒక ప్రయాణికుణ్ణి అరియాంకుప్పం దిబ్బకు తీసుకుపోయాడు. ఆ దొర గోడలు చూసి తిరిగి రావలసినవాడు. అక్కడ ఇసుకలో చిన్న చిన్న రంగు పూసలు దొరుకుతాయి. పాతకాలంవి, ఎవరివో ఎవరికీ తెలియదు. మామకు మాత్రం తెలుసు. ఏ రాజకుమారి హారం ఎట్లా తెగిందో చెప్పడం మొదలుపెట్టాడు. దొర మోకాళ్ల మీద కూర్చుని పూసలు ఏరడం మొదలుపెట్టాడు. కథ అయ్యేసరికి ఓడ పొగ మాత్రమే కనిపిస్తోంది.

దాంతో మా ఏజెంటు దొరకు ఓడ కంపెనీ నుంచి మాట పడింది. దుబాసీల కాలం అప్పటికే ముగుస్తోంది. నాలాంటి గుమాస్తాలకే పనికి సరిపడా ఫ్రెంచి వస్తున్నప్పుడు మాటను భాష మార్చి చెప్పడానికి వేరే మనిషి ఎందుకని పెద్ద వ్యాపారులు దుబాసీలను మానేస్తున్నారు. యాభై దాటిన మనిషికి, నాలుకే ఆస్తి అయినవాడికి, ఈ మెట్లు దిగితే ఎక్కడానికి వేరే మెట్లు లేవు. అది మామకు తెలుసు, నాకు తెలుసు, దొరకూ తెలుసు.

ఆ రోజుకు వస్తాను. వైకాశి నెల, విల్లియనూరు గుడి తేరు లాగే రోజు. వేరుశనగ కోసం ఒక ఓడ వచ్చి నిలబడి ఉంది. అందులో నుంచి పొద్దున్నే ఒక ముసలి దొరసాని దిగింది. సన్నగా, పొడుగ్గా, తల ముగ్గుబుట్టలా నెరిసి ఉంది. సైగోనులో పిల్లలకు బొమ్మలు గీయడం నేర్పి, ఉద్యోగం చాలించి, సొంత ఊరికి పోతోంది. మామ అలవాటు ప్రకారం స్తంభాల దగ్గర మొదలుపెట్టబోతే ఆపింది. పాడుబడిన గుళ్లు, కోటలు తాను చాలా చూసిందట, బొమ్మలు కూడా గీసిందట.

"నిలబడిపోయినవి చాలు. ఇంకా కదులుతున్న పాత వస్తువు ఏదైనా ఉంటే చూపించండి," అంది.

మామ కళ్లు మెరిశాయి. తేరు అని చెప్పేశాడు. అప్పుడు ఆయన నాలుక పట్టుకుని ఆపడానికి నేను పక్కన లేను.

ఏజెంటు దొర మామనూ నన్నూ లోపలికి పిలిచాడు. తేరు లాగేందుకు గవర్నరు దొరే పోయి మోకు పట్టే ఊరు అది, వద్దని చెప్పలేడు. మామను చూసి అన్నాడు:

"ఆవిడ ఓడ తప్పిందంటే రేపటి నుంచి నీ తలపాగా ఈ గుమ్మంలో కనపడకూడదు."

తరువాత నా వైపు తిరిగి, నువ్వూ పో, టైము చూసుకో అన్నాడు. నువ్వు ఎప్పుడు బయలుదేరమంటే అప్పుడు బయలుదేరాలి, దుబాసీ మాట కాదు, నీ మాట అన్నాడు. మామ తల వంచుకుని విన్నాడు. నాకు సిగ్గేసింది గాని, లోపల ఒక మూల సంతోషంగానే ఉంది. నేను వేసిన పట్టీలోని దారిని మొదటిసారి నా కళ్లతో చూడబోతున్నాను.

విల్లియనూరుకు రైలు ఉంది. పొద్దుటి రైలు అప్పటికే పోయింది. తిరుగు రైలు ఓడ కదిలిన తరువాత గాని రాదు. కాబట్టి దొరసానికి పుస్పుస్ బండి మాట్లాడాము. బయటి ఊళ్లవాళ్లకు దీని సంగతి తెలియకపోవచ్చు. దానికి ఎద్దూ గుర్రమూ ఉండవు. కూర్చున్న మనిషే ముందున్న ఇనుప కడ్డీ పట్టుకుని దారి తిప్పుకోవాలి. వెనక నుంచి మనుషులు తోస్తారు. దూరపు ప్రయాణం కాబట్టి నలుగురు తోసేవాళ్లు, ఇద్దరు తోస్తుంటే ఇద్దరు పక్కన పరుగెత్తేట్టు. మామా నేనూ ఎద్దుబండిలో వెనక. దొరసాని కడ్డీ తిప్పడం చూడాలి, గుంటలు తప్పించుకుంటూ పోతుంటే తోసేవాళ్లే మెచ్చుకున్నారు. రెడ్డియార్‌పాళయం దాటేసరికి మా ఎద్దులకు ఆమె కనపడలేదు.

నా లెక్క ఇది. ఓడ నాలుగింటికి కదులుతుంది. మిగిలిన మూటలకు పట్టే సమయం అంతే. రెండింటికి విల్లియనూరు విడిస్తే తీరిగ్గా పాలం చేరవచ్చు. తేరు నాలుగు వీధులు తిరిగి నిలకు, అంటే తాను మొదలైన చోటికే, చేరాలి. అది ఏటా మధ్యాహ్నానికి అయిపోతుంది. చూడవలసింది చూసి, ఒక గంట మిగుల్చుకుని రావచ్చు. ఇప్పుడు తిరిగి చూసినా ఈ లెక్కలో నాకు తప్పు కనపడదు.

విల్లియనూరు చేరాము. ఊరంతా కిక్కిరిసి ఉంది. గుడి గోపురం చూసి దొరసాని చాలాసేపు తల దించలేదు. రవ్వంత ఎక్కువ కలిపే అలవాటున్న మామ ఆ రోజు నా ముఖం చూసి, "చానా పాతది," అని మాత్రం చెప్పి ఊరుకున్నాడు. ఆ మాట చెప్పడానికి ఆయన ఎంత కష్టపడ్డాడో నాకే తెలుసు. ఆవిడ గుడి దగ్గర నుంచి తేరు దగ్గరకు వచ్చింది. చక్రాలు మనిషి ఎత్తుకు మించి ఉన్నాయి. రెండు మోకులు, ఒక్కొక్కటి తొడంత లావు. ఏ మోకు ఎవరు పట్టాలో తరాల నాటి వాడుక ఉంది. ఎడమ మోకు పనిపాటలవాళ్లది: బళ్లు తోసేవాళ్లు, పడవలవాళ్లు, మూటలు మోసేవాళ్లు.

గవర్నరు దొర వచ్చాడు. మేళం మోగింది. ఆయన మోకు పట్టి నాలుగు అడుగులు లాగాడు. తరువాత ఊరి పెద్ద ఒకాయన ముందుకు వచ్చి, మోకు పట్టిన దొర చెయ్యి మీద తన చెయ్యి వేశాడు. అప్పుడు దొర తన చెయ్యి తీశాడు. అది మర్యాద కోసం అనుకున్నాను. మర్యాద కాదు, కట్టుబాటు అని తరువాత తెలిసింది.

గవర్నరు పోయాక దొరసాని మామను ఏదో అడిగింది. మామ నవ్వుతూ తలూపాడు. ఆవిడ గొడుగు నా చేతికిచ్చి, జనంలోకి పోయి, ఎడమ మోకు పట్టుకుంది. నేను నోరు తెరిచేలోగా మా తోసేవాళ్లు నలుగురూ ఆవిడ వెనకే పోయి పట్టుకున్నారు.

వాళ్ల మేస్త్రీ తెలుగువాడే. పోతూ పోతూ అరిచాడు: "తాకి వచ్చేస్తాం సామీ. తాకకపోతే ఏడంతా చక్రానికి మంచిది కాదు."

తేరు కదిలింది. మొదటి వీధి, రెండో వీధి, చక్కగా పోయింది. నేను నీడలు చూసుకుంటూ వెనకే నడిచాను. నా లెక్కకు కాస్త ముందే ఉన్నాము. మూడో మలుపు దగ్గర, ముందురోజు కురిసిన వానకు మెత్తబడిన నేలలోకి ఒక చక్రం దిగబడింది. దిమ్మలు వేశారు, పలుగులు తెచ్చారు, పలకలు తోశారు. రెండు మోకులూ బిగిసి మూలిగాయి గాని తేరు అంగుళం కదలలేదు. లాగి లాగి అందరూ మోకు వదలకుండానే కింద కూర్చున్నారు.

ఎండ నడినెత్తి దాటింది. నేను పోయి మేస్త్రీతో, ఇక చాలు, రండి అన్నాను. వాడు కూర్చున్నచోటి నుంచి నన్ను జాలిగా చూశాడు. తేరు నిలకు చేరకముందు చెయ్యి తీసినవాడి బండి చక్రం ఆ ఏడు విరుగుతుందట. వాళ్ల తాతల కాలం నుంచి ఎవరూ తియ్యలేదట. తాకి వచ్చేస్తాం అన్నావు గదా అంటే, ఏటా తాకగానే నిలకు పోయేది, ఈ ఏడే కూర్చుంది అన్నాడు. అందులో వాడి తప్పేమీ లేదు. వాళ్లకు బండి చక్రమే కూడు.

వేరే బండి దొరుకుతుందేమోనని చూశాను. ఊళ్లో ఉన్న ప్రతి పుస్పుస్ బండీ మనిషి లేకుండా గోడకు ఆనుకుని ఉంది. మా ఎద్దుబండిలో ఎక్కిస్తే ఆవిడ పాలం చేరేసరికి ఓడ సముద్రం అంచు దాటి ఉంటుంది.

మామ మొహం సున్నం వేసినట్టు తెల్లబడింది. దొరసాని మాత్రం మోకు పట్టుకుని, పక్కన కూర్చున్న ఆడవాళ్లు ఇచ్చిన మజ్జిగ తాగుతోంది. మామ పోయి, అమ్మా బయలుదేరాలి అంటే, వీళ్లంతా వదలకుండా నేను ఎలా వదలను అని అడిగింది. ఆవిడకు కట్టుబాటు ఎవరూ చెప్పలేదు. పక్కవాళ్లను చూసి తనే పట్టేసింది.

మామ నా దగ్గరకు వచ్చి మెల్లగా అన్నాడు. "అయిపాయ అల్లుడూ. నీ మీదికి రాకుండా చెప్తాలే. తేరు చూడమన్నది నేనే గదా."

అప్పుడు నాకు గవర్నరు దొర చెయ్యి గుర్తుకొచ్చింది. దాని మీద ఇంకో చెయ్యి పడ్డాకనే అది లేచింది. మేస్త్రీ దగ్గరకు పరుగెత్తి అడిగాను. మోకు చేతులు మారవచ్చా అని. మారవచ్చు అన్నాడు. నీ చెయ్యి మీద చెయ్యి వేసి పట్టేవాడు ఉంటే నీ వంతు వాడిదవుతుంది, దోషం లేదు. కానీ పట్టేవాడు ఖాళీ చేతులతో ఉండాలి, మళ్లీ వాడు నిలకు చేరేదాకా ఉండాలి.

దొరసానితో కలిపి ఐదుగురు. నాకు ఐదు జతల ఖాళీ చేతులు కావాలి. ఆ ఊళ్లో ఆ వేళప్పుడు ఖాళీ చేతులు దొరకడం ఎంత కష్టమో చెప్పలేను. మగవాళ్లందరూ మోకుల మీద ఉన్నారు. మా ఎద్దుబండి తోలేవాణ్ణి బతిమాలాను. ఎద్దులను చెట్టుకు కట్టేసి వచ్చాడు. ఏంబలం నుంచి వచ్చిన ఒక రైతు, ఆయన భార్య నీడలో కూర్చుని ఉన్నారు. ఆయన నడుం నొప్పి అన్నాడు. ఆమె లేచి కొంగు బిగించింది.

"వాళ్ల పనికి ముప్పు వచ్చింది అంటా ఉంటే నీ నడుం ఏంది? లెయ్. నేను ఒకటి పడతా, నువ్వొకటి పట్టు."

ముగ్గురు అయ్యారు. నాలుగో మనిషిని నేను. ఐదో మనిషి కోసం చుట్టూ చూశాను. మామ తలపాగా తీసి నడుముకు కట్టుకుంటున్నాడు. ఇన్నేళ్లలో తలపాగా లేని ఆయన తల చూడడం అదే మొదటిసారి. పూర్తిగా బట్టతల.

"మామా, నువ్వు ఆవిడతో పోవద్దా?" అన్నాను. పాలం మీద ఏజెంటు దొర ముందు ఆవిడను దించవలసినవాడు ఆయనే.

"నేను పోతే తోసేవాళ్లు ముగ్గురే గదా పోయేది. అల్లుడూ, లెక్క నువ్వే చెప్పాల."

నిజమే. ముగ్గురితో ఆ దూరం సమయానికి పోలేరు. నలుగురు కావాలి. ఆయన తన ఉద్యోగాన్ని, తాను లేకుండా, ఫ్రెంచి ముక్క రాని నలుగురి చేతుల్లో పెట్టి పంపిస్తున్నాడు.

ఆయన పోయి దొరసాని చెయ్యి మీద తన చెయ్యి వేశాడు. ఏదో చెప్పాడు. ఆవిడ ఆయన ముఖం, బట్టతల, నడుముకున్న తలపాగా చూసి చెయ్యి తీసింది. నేను మేస్త్రీ చెయ్యి మీద చెయ్యి వేశాను. మిగతావాళ్లు మిగతావాళ్ల మీద. బండి దుమ్ము లేపుకుంటూ పోయింది. రెండు దాటి కాస్త అయింది, అంతే. నేను మనసులో వేసి చూసుకున్నాను. చేరుతుంది. గట్టిగా తోస్తే పావుగంట మిగులుతుంది.

మామకు ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా సరిపోలేదు. దారిలో రైలు గేటు వేస్తే? చక్రం ఊడితే? ఆవిడ ఇంకేదో పాత గోడ చూసి దిగితే? అరచేతులు మండుతున్నాయి. తేరు మాత్రం కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. మనసు మళ్లించుకోవడానికి నేను మోకు పొడుగునా చూశాను. ఏ లెక్కా లేనప్పుడు మనుషులను లెక్కపెట్టడం నా అలవాటు. వీపులు కనిపిస్తున్నాయి. బట్టలేని నల్లటి వీపులు, భుజాల మీద తెడ్డు మోసిన కాయలు. ఒక వీపు, రెండు, పది. ఈ వీపులు నాకు తెలుసు. రోజూ మా ఆఫీసు కిటికీలో నుంచి నేను చూసే వీపులే. మా పడవలవాళ్లు.

వాళ్ల తండేలు, అంటే పెద్ద, నాకు కొద్ది దూరంలోనే కూర్చుని తమలపాకు నములుతున్నాడు. మధ్యాహ్నం మూటలు మీరు కదా మోయవలసింది, ఇక్కడేం చేస్తున్నారు అని అరిచాను. పొద్దున కొన్ని పడవలు వేసి, తాకి వచ్చేద్దామని వచ్చారట.

"మరి ఓడో?" అన్నాను.

"సముద్రం యాడికీ పోదు సామీ. తేరు ఏటికి ఒక్కసారే గదా."

నేను మామ వైపు తిరిగాను. ఆయన కళ్లు మూసుకుని ఏదో మొక్కుకుంటున్నాడు.

"మామా, ఓడ కదలదు."

ఆయన కళ్లు తెరిచి, నాకు ఎండదెబ్బ తగిలిందేమో అన్నట్టు చూశాడు.

"ఓడను కదిలించేవాళ్లందరూ ఈ మోకు పట్టుకునే ఉన్నారు, చూడు."

ఆయన చూశాడు. ఒక్కొక్క వీపే చూసుకుంటూ చివరిదాకా పోయాడు. తరువాత నవ్వడం మొదలుపెట్టాడు. ఏంబలం ఆమె, ఏంది ఈయనకు అని నన్ను అడిగింది. ఆయన నవ్వు ఆపుకోలేక మోకు మీద నుదురు ఆనించాడు గాని చెయ్యి తీయలేదు.

తేరు పొద్దు వాలాక కదిలింది. ఎవరు కొత్తగా ఏం చేశారో నాకు తెలియదు, పలకలు ఎక్కువ వేశారో, నేల ఆరిందో. ఒక్కసారిగా మోకు మా చేతుల్లో బతికినట్టు అయింది. నాలుగో వీధి అంతా పరుగులాంటి నడకతో లాగి నిలకు చేర్చాము. నేను ఆఫీసు కుర్చీలో కూర్చుని దూరాలు లెక్కపెట్టిన మనిషిని. ఆ ఒక్క వీధి దూరం మాత్రం ఎంతో ఇప్పటికీ నన్ను అడగవద్దు.

పడవలవాళ్లు, మామ, నేను అందరం కలిసి సాయంత్రపు రైల్లో ఊరికి వచ్చాము. పాలం మీద మా ఏజెంటు దొర అటూ ఇటూ తిరుగుతున్నాడు. మూటల గుట్ట పొద్దున ఎంత ఉందో దాదాపు అంతే ఉంది. తండేలును చూడగానే విరుచుకుపడ్డాడు. తండేలు తలగోక్కుంటూ విన్నాడు. ఓడ మర్నాడు గాని కదలదు. దొర కోపమంతా అయిపోయాక మామ కనపడ్డాడు. నడుముకు తలపాగా, చేతులకు రక్తం చారలు.

"ఈ రోజు ఈ ఊళ్లో చెప్పిన టైముకు వచ్చింది నీ దొరసాని ఒక్కతే," అన్నాడు దొర. "తలపాగా కట్టుకో. అసహ్యంగా ఉంది."

దొరసాని స్తంభాల దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుని ఉంది. నేను చెప్పిన పావుగంట మిగుల్చుకునే వచ్చిందట. వచ్చి మూడు గంటలుగా, కదలని ఓడను చూస్తూ కూర్చుంది. ఆవిడకు కోపం రావడానికి అన్ని హక్కులూ ఉన్నాయి. చూడాలనుకున్నది సగంలో వదిలేయించి, అక్కరలేని తొందర పెట్టి పంపించాము. మామ చేతులు జోడించి ఏదో మొదలుపెట్టబోయాడు. ఆవిడ వినలేదు. ఆయన అరచేయి పట్టుకుని తిప్పి చూసింది.

"నా చేతిలో నుంచి మీరు తీసుకున్నది, నిలకు చేరిందా?"

నేను మామ ముఖం చూశాను. ఇప్పుడు వస్తుంది అనుకున్నాను. ఆకాశం నుంచి పూలు కురుస్తాయి, తేరు దానంతట అదే లేస్తుంది, రాజులు దిగివస్తారు.

"చేరింది అమ్మా," అన్నాడు మామ. అంతే.

ఆవిడ తలూపి, లేచి, పడవ ఎక్కింది.

మామ ఆ ఉద్యోగంలో తన కాలు నడిచినన్నాళ్లూ ఉన్నాడు. తరువాతి ఓడల వాళ్లను స్తంభాల దగ్గర నిలబెట్టి ఈ కథ చెప్పేవాడు. ఒక ఫ్రెంచి దొరసాని తేరును లాగిందని మొదట్లో చెప్పాడు. ఏడాది తిరిగేసరికి ఆమె ఒంటి చేత్తో లాగింది. ఇంకో రెండేళ్లకు దిగబడిన చక్రాన్ని ఆమే లేపింది, మోకు మీద మనుషులు పదివేలు అయ్యారు. నేను కిటికీలో నుంచి వింటూనే ఉండేవాణ్ణి. ఆ ఎడమ మోకు మీద ఎందరున్నారో ఒక్కొక్క వీపే లెక్కపెట్టినవాణ్ణి నేను.

నా ఉద్యోగంలో తెలిసి కూడా సరిదిద్దకుండా వదిలేసిన అంకె ఆ పదివేలు ఒక్కటే.